మడ్ మోటార్ ఎంపిక: స్పెక్ షీట్‌ను రబ్బరు వైపు నుంచి చదవడం

మడ్ అంటే బావి తవ్వేటప్పుడు పైనుంచి పంపు చేసే డ్రిల్లింగ్ ద్రవం; ఆ ప్రవాహంతో బావి అడుగున బిట్‌ను, అంటే రాతిని తొలిచే పనిముట్టును, తిప్పేదే మడ్ మోటార్. కొత్తగా రిగ్ మీదకు వచ్చిన ఇంజనీరు చేతికి మోటార్ స్పెక్ షీట్ ఇస్తే, ముందుగా చూపు పోయేది మాక్సిమమ్ టార్క్ (గరిష్టంగా తిప్పే బలం) అన్న గడి మీదికే. రెండు షీట్లు పక్కపక్కన పెట్టి, పెద్ద అంకె ఉన్నదే మంచి మోటారని తేల్చేస్తారు. నేను డైరెక్షనల్ డ్రిల్లర్‌ని, అంటే బావిని కావలసిన దిశకు మళ్లించి తవ్వేవాణ్ని, చాలా ఏళ్లుగా ఈ మోటార్లతోనే నా పని. వర్క్‌షాపులో విప్పినప్పుడు నేను చూసిన పాడైన మోటార్లలో ఎక్కువ వాటికి కారణం స్టేటర్‌లోని, అంటే కదలకుండా ఉండే బయటి గొట్టంలోని, రబ్బరే. షాఫ్టులూ బేరింగులూ పోవని కాదు, పోతాయి. కానీ వాటికంటే ముందు రబ్బరు చేతులెత్తేస్తుంది. అందుకే నా లెక్కలో మోటారును ఎంచుకోవడమంటే ముందు రబ్బరును ఎంచుకోవడం. షీట్ మీది ప్రతి అంకెనూ ఇది ఏ వేడిలో నిజం, ఏ మడ్‌లో నిజం, ఎన్ని గంటలు తిరిగిన రబ్బరుకు నిజం అని అడుగుతూ చదవాలి. అదెలాగో ఇక్కడ రాస్తున్నాను.

లోపల ఏం జరుగుతుంది

మనం మాట్లాడుకునేది పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ మోటార్ గురించి. రిగ్ మీద అందరూ మడ్ మోటార్ అనే అంటారు. ఫ్రాన్స్‌కు చెందిన రెనే మోయినో 1930ల్లో రూపొందించిన స్క్రూ పంపు దీనికి మూలం. పంపులో షాఫ్టును తిప్పితే ద్రవం కదులుతుంది. మోటారులో ద్రవాన్ని తోస్తే షాఫ్టు తిరుగుతుంది.

పై నుంచి కిందికి చూస్తే మొదట టాప్ సబ్, కొన్నిట్లో డంప్ వాల్వ్ ఉంటాయి. దాని కింద అసలు శక్తి పుట్టే పవర్ సెక్షన్. ఆ తర్వాత ట్రాన్స్‌మిషన్, దాని చుట్టూ వంపు పెట్టే బెంట్ హౌసింగ్. అన్నిటికంటే కింద బేరింగ్ అసెంబ్లీ, బిట్ బాక్స్. పవర్ సెక్షన్‌లో మరలాంటి ఉక్కు రోటర్ ఉంటుంది, పైన క్రోమ్ పూత. స్టేటర్ అంటే లోపల రబ్బరు పోత పోసిన ఉక్కు గొట్టం. రోటర్‌కు ఎన్ని లోబ్స్ (ఉబ్బెత్తు గట్లు) ఉంటే స్టేటర్‌కు అంతకంటే ఒకటి ఎక్కువ. ఆ ఒక్క తేడా వల్లే రెంటి మధ్య ఖాళీ గదులు ఏర్పడతాయి. మడ్ ఆ గదుల్లోకి దూరి కిందికి జరుగుతూ రోటర్‌ను తిప్పుతుంది.

ఆ గదుల అంచులను మూసి ఉంచేది రబ్బరు నొక్కుడే. మరో సీలు ఏదీ లేదు. మోటారుకు ఉన్న బలమంతా, బలహీనతంతా ఇక్కడే ఉంది. ఈ మాట పట్టుకుంటే మిగతా అంకెలు తేలికగా అర్థమవుతాయి.

పేరులోనే సగం సమాచారం

మోటారు గొట్టం మీద, షీట్ మీద "6¾, 7/8, 5.0" అని రాసి ఉంటుంది. 6¾ అంగుళాలు బయటి వ్యాసం. 7/8 అంటే రోటర్‌కు ఏడు లోబ్స్, స్టేటర్‌కు ఎనిమిది. 5.0 అంటే ఐదు స్టేజీలు. స్టేటర్ లోపలి మెలిక ఒక పూర్తి చుట్టు తిరిగితే అది ఒక స్టేజీ.

వ్యాసం గురించి పెద్దగా ఆలోచించాల్సింది లేదు, హోల్ సైజే దాన్ని తేలుస్తుంది. సాధారణంగా 6 అంగుళాల చుట్టుపక్కల హోల్‌కు 4¾, 8½ హోల్‌కు 6¾, 12¼ హోల్‌కు 8 లేదా 9⅝ వాడతారు.

లోబ్స్, స్టేజీలు మాత్రం నిదానంగా చూడాలి. లోబ్స్ పెరిగితే ఒక్క చుట్టుకు పట్టే మడ్ ఎక్కువవుతుంది కాబట్టి వేగం తగ్గి టార్క్ పెరుగుతుంది. 1/2 మోటారు చాలా వేగంగా, తక్కువ టార్క్‌తో తిరుగుతుంది. 7/8, 9/10 మోటార్లు నెమ్మదిగా, బలంగా తిరుగుతాయి. స్టేజీలు పెరిగితే మోటారు తన పై చివరకూ కింది చివరకూ మధ్య మోయగలిగే ప్రెషర్ తేడా పెరుగుతుంది. మామూలు రబ్బరుకు ఒక్కో స్టేజీకి సుమారు 150 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అని లెక్క వేసుకోవచ్చు. హార్డ్ రబ్బరు అయితే సుమారు 225 వరకూ వెళ్తుంది. అంటే ఐదు స్టేజీల మామూలు మోటారుకు పరిమితి 750 పీఎస్ఐ దగ్గర, అదే హార్డ్ రబ్బరుకు 1,125 దగ్గర ఉంటుంది. తయారీదారు షీట్‌లో ఉన్నదే చివరి మాట. ఈ లెక్క ఆ అంకె నమ్మదగినదో కాదో చూసుకోవడానికి. షీట్ అంకె మీ లెక్కకు బాగా పైన ఉంటే అది ఏ రబ్బరు, రబ్బరు మందం ఎంత అని అడగండి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. తక్కువ ఆర్‌పీఎం మోటారులో రబ్బరుకు శ్రమ తక్కువని అనుకుంటారు. రోటర్ తన చుట్టూ తాను తిరగడమే కాదు, దాని మధ్య గీత స్టేటర్ లోపల వ్యతిరేక దిశలో గింగిరాలు కొడుతుంది. ఆ గింగిరాల వేగం రోటర్ లోబ్స్‌ను ఆర్‌పీఎంతో గుణిస్తే వస్తుంది. 7/8 మోటారు 140 ఆర్‌పీఎంతో తిరిగితే నిమిషానికి 980. 4/5 మోటారు 250 ఆర్‌పీఎంతో తిరిగితే 1,000. రబ్బరు నలిగే లెక్కలో రెండూ దాదాపు సమానమే. ఆ నలుగుడు వల్ల లోబ్ మధ్యలో వేడి పుడుతుంది, రబ్బరు ఆ వేడిని త్వరగా బయటికి పంపలేదు. స్టేటర్ కోసి చూస్తే కొన్నిసార్లు పైపొర బాగానే ఉండి లోబ్ నడిమధ్య పెళుసుబారి ఉంటుంది. కారణం ఇదే.

ఫ్లో నుంచి మొదలుపెట్టండి

ఎంపికలో నా మొదటి ప్రశ్న నిమిషానికి ఎన్ని గ్యాలన్లు అన్నది. ఆ అంకె మోటారు ఇచ్చేది కాదు, హోల్ అడిగేది. కటింగ్స్ (బిట్ తొలిచిన రాతి ముక్కలు) పైకి రావాలంటే ఎంత ఫ్లో కావాలో, ఫార్మేషన్ (బావి చుట్టూ ఉన్న రాతి పొర) ఎంత ఈసీడీ (మడ్ తిరుగుతున్నప్పుడు బావి మీద పడే ఒత్తిడిని మడ్ సాంద్రతగా చెప్పే లెక్క) తట్టుకుంటుందో, పంపులు ఎంత ఇవ్వగలవో ముందే తేలిపోయి ఉంటుంది. మోటారు ఆ ఫ్లోలో ఒదగాలి.

షీట్‌లో ఫ్లో రేంజ్ అని రెండు అంకెలు ఉంటాయి. 6¾ మోటార్లకు 300 నుంచి 600 గ్యాలన్లు మామూలు. కింది అంకె కంటే తగ్గితే మోటారు సరిగా తిరగదు. పై అంకె దాటితే రోటర్ అతివేగంతో కొట్టుకుంటూ రబ్బరును చీల్చడం మొదలుపెడుతుంది. హోల్‌కు మోటారు పరిమితి కంటే ఎక్కువ ఫ్లో తప్పనిసరైతే, బోలు రోటర్‌లో నాజిల్ పెట్టి కొంత మడ్‌ను పక్కదారి పట్టించవచ్చు. అలా పెట్టినప్పుడు ఆర్‌పీఎం లెక్కలోంచి ఆ పక్కదారి ఫ్లోను తీసేయాలి. లోడ్ పడి ప్రెషర్ తేడా పెరిగే కొద్దీ నాజిల్ గుండా పోయేది కూడా పెరుగుతుంది. అంటే బిట్‌కు బలం కావలసిన సమయంలోనే వేగం ఇంకాస్త పడిపోతుంది. అందుకే వేరే దారి ఉన్నంతవరకూ నేను రోటర్ నాజిల్ జోలికి పోను.

తర్వాత చూడాల్సింది గ్యాలన్‌కు ఎన్ని చుట్లు అన్న అంకె. షీట్ మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. దీన్ని ఫ్లోతో గుణిస్తే లోడ్ లేనప్పటి ఆర్‌పీఎం వస్తుంది. 0.28 అని ఉంటే 500 గ్యాలన్ల దగ్గర 140 ఆర్‌పీఎం. 0.50 అని ఉంటే 250.

ఈ ఒక్క అంకె నుంచే టార్క్ కూడా తెలుస్తుంది. 3.06ను ఆ అంకెతో భాగిస్తే, ప్రతి పీఎస్ఐ ప్రెషర్ తేడాకు మోటారు సిద్ధాంతపరంగా ఇవ్వగల ఫుట్-పౌండ్లు వస్తాయి. గ్యాలన్‌లో 231 ఘనపు అంగుళాలు ఉంటాయి. దాన్ని రెండు పైతో, అడుగుకు పన్నెండు అంగుళాలతో భాగిస్తే 3.06 వస్తుంది. 0.28 మోటారుకు పీఎస్ఐకి 10.9 ఫుట్-పౌండ్లు, 0.50 మోటారుకు 6.1. రాపిడి నష్టాలకు ఇందులోంచి ఐదో వంతు తీసేస్తే షీట్‌లోని గ్రాఫ్‌కు దగ్గరగా వస్తుంది. షీట్ చేతిలో లేనప్పుడు, లేదా షీట్ మీద అనుమానం వచ్చినప్పుడు ఈ లెక్క నన్ను చాలాసార్లు ఆదుకుంది.

పవర్ కర్వ్ చూసేటప్పుడు ఇంకో సంగతి గమనించండి. ప్రెషర్ తేడా పెరిగే కొద్దీ టార్క్ గీత దాదాపు సరళ రేఖలా పైకి పోతుంది, ఆర్‌పీఎం గీత మాత్రం మెల్లగా కిందికి వంగుతుంది. రబ్బరు నొక్కుడును దాటుకుని కొంత మడ్ కారిపోవడమే ఆ వంపు. కొత్త స్టేటర్‌లో వంపు తక్కువ. అరిగినదైతే ముందుగానే, ఎక్కువగా వంగుతుంది. చాలా షీట్ల గ్రాఫులు కొత్త మోటారును నీళ్లతో, పైన మామూలు ఉష్ణోగ్రతలో నడిపి గీసినవి. మీ బావిలో ఆ మూడింటిలో ఒక్కటీ ఉండకపోవచ్చు.

వేడి, మడ్, ఫిట్

రబ్బరు గురించి మొదట తెలుసుకోవాల్సింది అది ఏ జాతిది అన్నది. మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వరకూ నమ్మకంగా పనిచేస్తుంది. అంతకంటే వేడి బావులకు హైడ్రోజనేటెడ్ నైట్రైల్ రకాలు ఉన్నాయి, వాటితో 175 డిగ్రీల దాకా వెళ్తారు. ఏ రకమైనా వేడి పెరిగే కొద్దీ మెత్తబడుతుంది. అందుకే మంచి తయారీదారు ఉష్ణోగ్రతను బట్టి ప్రెషర్ తేడా పరిమితిని ఎంత తగ్గించుకోవాలో ఒక పట్టిక ఇస్తాడు. ఆ పట్టిక లేని స్పెక్ షీట్ నా దృష్టిలో సగం షీటే. అడిగి తెప్పించుకోండి.

రెండోది ఫిట్. రోటర్ బయటి కొలతకు, స్టేటర్ లోపలి కొలతకు ఉన్న తేడా ఇది. చల్లని బావిలో రోటర్ స్టేటర్‌ను కాస్త బిగుతుగా నొక్కుతూ ఉండాలి, లేకపోతే త్వరగా స్టాల్ అవుతుంది, అంటే రోటర్ తిరగడం ఆగిపోతుంది. వేడి బావిలో రబ్బరు ఉబ్బుతుంది. ఆయిల్ బేస్ మడ్ అయితే నూనె పీల్చుకుని ఇంకా ఉబ్బుతుంది. నేల మీద బిగుతుగా ఉన్నది బావిలో మరీ బిగుసుకుపోయి, నలుగుడు వేడి పెరిగి, రబ్బరు ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. దీన్నే చంకింగ్ అంటారు. అందుకని వేడి బావికి పంపే మోటారు నేల మీద వదులుగా ఉండేలా బిగించాలి. వర్క్‌షాపుకు బావి ఉష్ణోగ్రత ఇచ్చేటప్పుడు సర్క్యులేషన్‌లో (మడ్ తిరుగుతూ) ఉన్నప్పటిది, స్టాటిక్ (మడ్ ఆగి ఉన్నప్పటిది) రెండూ ఇవ్వండి. పంపులు నడుస్తున్నప్పుడు మోటారు చల్లగానే ఉంటుంది. ఆపి గంటల తరబడి కూర్చుంటే చుట్టూ ఉన్న రాతి వేడికి చేరుకుంటుంది. వేడి బావిలోకి దిగేటప్పుడు మధ్యమధ్యలో ఆగి సర్క్యులేట్ చేయమని డ్రిల్లర్‌ను అడగడానికి కారణం ఇదే.

ఆయిల్ బేస్ మడ్ అయితే బేస్ ఆయిల్ అనిలిన్ పాయింట్ ఎంతో మడ్ ఇంజనీరును అడగండి. ఆ ఉష్ణోగ్రత ఎంత తక్కువైతే ఆ నూనె రబ్బరును అంత ఎక్కువగా తింటుంది. బావి అడుగున వేడి కంటే అనిలిన్ పాయింట్ పైన ఉండాలి. అనుమానంగా ఉంటే స్టేటర్‌లో వాడిన రబ్బరు ముక్కను అసలు మడ్‌లో, అసలు వేడిలో నానబెట్టి చూడమని అడగవచ్చు. ఎంత ఉబ్బిందో, ఎంత మెత్తబడిందో కొలిచి ఇస్తారు. కొన్ని రోజులు పట్టే పరీక్ష ఇది, కానీ కొత్త మడ్ సిస్టమ్ వాడుతున్నప్పుడు దీన్ని వదిలిపెట్టడం నాకిష్టం ఉండదు.

ఉప్పు మడ్ రబ్బరును ఏమీ చేయదు, రోటర్ క్రోమ్‌ను తింటుంది. క్లోరైడ్స్ 30,000 పీపీఎం దాటితే క్రోమ్ కింద గుంటలు పడతాయి, ఆ గుంటల అంచులు రబ్బరును గీరుతాయి. అప్పుడు టంగ్‌స్టన్ కార్బైడ్ పూత ఉన్న రోటర్ అడగాలి. మడ్‌లో ఇసుక ఒక శాతం లోపు ఉండాలి. ఎల్‌సీఎం (మడ్ రాతి పగుళ్లలోకి పోకుండా మూసే పదార్థం) వేయాల్సి వస్తే ఏ రకం, ఎంత అన్నది మోటారు మాన్యువల్ చూసి, మెల్లగా, సమంగా కలపాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే మోటారు మూసుకుపోతుంది.

ఒక లెక్క మొదటి నుంచి చివరిదాకా

ఉదాహరణకు 8½ హోల్, పీడీసీ బిట్ (కృత్రిమ వజ్రపు పళ్లున్నది), 500 గ్యాలన్ల ఫ్లో, వేడి బావి, ఆయిల్ బేస్ మడ్ అనుకుందాం. బిట్‌కు ఎంత టార్క్ కావాలో ముందు చూడాలి. బిట్ రాపిడి గుణకాన్ని అంగుళాల్లో బిట్ వ్యాసంతో, బిట్ మీద పెట్టే బరువుతో గుణించి 36తో భాగిస్తే టార్క్ ఫుట్-పౌండ్లలో వస్తుంది. పీడీసీకి గుణకం 0.7 అనుకుంటే, 25,000 పౌండ్ల బరువు మీద సుమారు 4,130 ఫుట్-పౌండ్లు.

చేతిలో రెండు మోటార్లు ఉన్నాయనుకోండి. ఒకటి 7/8, 5.0, గ్యాలన్‌కు 0.28 చుట్లు. రెండోది 4/5, 7.0, గ్యాలన్‌కు 0.50 చుట్లు. నష్టాలు తీసేశాక మొదటిది పీఎస్ఐకి 8.7 ఫుట్-పౌండ్లు, రెండోది 4.9 ఇస్తుంది. అంటే 4,130 రావాలంటే మొదటిదానికి 475 పీఎస్ఐ, రెండోదానికి సుమారు 840 పీఎస్ఐ కావాలి. మామూలు రబ్బరుతో వీటి పరిమితులు 750, 1,050. చల్లని బావి అయితే మొదటిది 63 శాతం లోడ్‌తో, రెండోది 80 శాతం లోడ్‌తో నడుస్తాయి. రెండూ నడుస్తాయి. వేగం కావాలంటే రెండోదే మెరుగు, ఎందుకంటే అదే టార్క్‌కు 250 ఆర్‌పీఎం అంటే ఎక్కువ హార్స్‌పవర్.

ఇప్పుడు వేడి పట్టిక తీయండి. ఆ ఉష్ణోగ్రతకు పరిమితిని 75 శాతానికి తగ్గించమని ఉందనుకుందాం. పరిమితులు సుమారు 560, 790 అవుతాయి. రెండో మోటారు మోయాల్సింది 840, మోయగలిగేది 790. అక్కడికక్కడే అది పక్కకు పోయింది. మొదటిది నిలబడింది కానీ 85 శాతం లోడ్‌లో ఉంది, గట్టి పొర తగిలితే స్టాల్. అదే 7/8, 5.0 హార్డ్ రబ్బరుతో ఇస్తే వేడి తగ్గింపు పోను పరిమితి 840 అవుతుంది, లోడ్ 56 శాతానికి దిగుతుంది. నేను అడిగేది ఈ మూడోదాన్నే. మాక్సిమమ్ టార్క్ గడి ఒక్కటే చూసి ఉంటే ఈ తేడా కనపడేదే కాదు.

నా పద్ధతి ప్రకారం వేడికి తగ్గించిన పరిమితిలో 60 నుంచి 75 శాతం మధ్య రోజువారీ పని జరగాలి. దానికి బాగా దిగువన నడిస్తే మరీ పెద్ద మోటారు తెచ్చినట్టు. టార్క్ ఎక్కువున్న మోటారుకు వేరే ఖర్చు ఉంది. స్లైడ్ చేసేటప్పుడు (పైనుంచి పైపు తిప్పకుండా మోటారుతోనే తవ్వేటప్పుడు) రియాక్టివ్ టార్క్ (బిట్ తిరిగే దిశకు ఎదురుగా మోటారును తిప్పే బలం) పెరిగి, బరువు కాస్త మారినా టూల్‌ఫేస్ (వంపు చూపే దిశ) పక్కకు పోతుంది. పొడవైన హారిజాంటల్‌లో అయితే ఇది నిజంగా విసిగిస్తుంది.

ఇంకా ఒక లెక్క మిగిలింది, చాలామంది మర్చిపోయేది. పంపు ప్రెషర్. పని చేయగల గరిష్ట స్టాండ్‌పైప్ ప్రెషర్ (పంపు నుంచి మడ్ పైకి వెళ్లే పైపులోనిది) 4,500 పీఎస్ఐ, బావి చివర ఆఫ్ బాటమ్ ప్రెషర్ (బిట్ అడుగును తాకనప్పటిది) 3,900 అయితే మోటారుకు మిగిలింది 600. మోటారు 1,000 మోయగలదని షీట్‌లో ఉన్నా ఆ 1,000 మీకు దొరకదు. స్టాల్ అయినప్పుడు ప్రెషర్ ఇంకా పైకి కొడుతుంది, దానికీ చోటు ఉండాలి. ఈ లెక్కను సెక్షన్ మొదట్లోని లోతుకు కాదు, చివరి లోతుకు వేయండి.

వంపు, బిట్, బేరింగులు

సర్దుబాటు చేసుకునే బెంట్ హౌసింగ్‌ను సున్నా నుంచి 3 డిగ్రీల వరకూ పెట్టవచ్చు. రిగ్ మీద ఎక్కువగా వినపడేవి 1.15, 1.50, 1.83, 2.12. ఎంత బిల్డ్ రేటు (బావి ఎంత త్వరగా వంగుతుందన్న అంకె) వస్తుందో ఉజ్జాయింపుగా చూడాలంటే వంపు డిగ్రీలను 200తో గుణించి, బిట్ నుంచి పై స్టెబిలైజర్ (బావి గోడకు ఆనే మందపాటి భాగం) వరకూ ఉన్న అడుగులతో భాగించండి. 1.5 డిగ్రీలు, 30 అడుగులు అయితే నూరు అడుగులకు 10 డిగ్రీలు. ఇది పూర్తిగా స్లైడ్ చేసినప్పటి అంకె. మెత్తని ఫార్మేషన్‌లో, కొట్టుకుపోయిన హోల్‌లో ఇంత రాదు.

ప్లాన్‌కు కావలసినదాని కంటే కొంచెం ఎక్కువ వచ్చే వంపు పెట్టుకోవాలి, మరీ ఎక్కువ కాదు. వంపు పెరిగే కొద్దీ రోటరీలో తిప్పినప్పుడు హౌసింగ్ ప్రతి చుట్టుకూ వంగి లేస్తుంది, లోహం అలసిపోతుంది. అందుకే ప్రతి వంపుకూ పైనుంచి ఎంత ఆర్‌పీఎం వరకూ తిప్పవచ్చో మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది. ఒక దశ దాటితే అసలు తిప్పకూడదని ఉంటుంది. ఆ పట్టికను డ్రిల్లర్ కన్సోల్ పక్కన అంటించి పెట్టండి.

బిట్ విషయానికొస్తే, బిట్ వేగం అంటే మోటారు ఆర్‌పీఎం, పైన తిప్పే ఆర్‌పీఎం కలిపి. రోలర్ కోన్ (తిరిగే శంకువులున్న) బిట్‌కు బేరింగులు ఉంటాయి కాబట్టి నెమ్మది మోటారు కావాలి. పీడీసీకి టార్క్ ముఖ్యం. డైమండ్ ఇంప్రెగ్నేటెడ్ బిట్ అయితేనే అధిక వేగం మోటారుకు అర్థం ఉంది.

బేరింగుల్లో మడ్‌తో తడిసేవి, ఆయిల్ సీల్డ్ అని రెండు రకాలు. మడ్‌తో తడిసేవాటిలో మొత్తం ఫ్లోలో 5 నుంచి 10 శాతం దాకా బేరింగుల గుండా పోతుంది. ఆ మడ్‌ను తోసేది బిట్ దగ్గరి ప్రెషర్ డ్రాప్. అందుకే షీట్‌లో బిట్ ప్రెషర్ డ్రాప్‌కు కనీసం, గరిష్టం రెండూ ఉంటాయి. నాజిల్స్ ఎంచుకునే ఇంజనీరుకు ఈ రెండు అంకెలు తప్పకుండా చేరాలి.

దింపాక రబ్బరును కాపాడటం

దింపే ముందు రోటరీ టేబుల్ దగ్గర పంపు నెమ్మదిగా తెచ్చి బిట్ తిరగడం కళ్లారా చూడండి. ఏ ఫ్లోకు ఎంత ప్రెషర్ వచ్చిందో రాసుకోండి. బేరింగ్ ఆట (వదులు) ఎంతుందో కొలిచి అదీ రాసుకోండి. ఈ అంకెలు తర్వాత పోల్చుకోవడానికి కావాలి.

డ్రిల్లింగ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు డిఫరెన్షియల్‌ను సరిగా జీరో చేయడం. డిఫరెన్షియల్ అంటే అదే ఫ్లో దగ్గర ఆన్ బాటమ్ ప్రెషర్‌లోంచి ఆఫ్ బాటమ్ ప్రెషర్ తీసేసినది. ఈ రెండోది నిలకడగా ఉండదు. లోతు పెరిగితే, మడ్ బరువు మారితే, యాన్యులస్‌లో (పైపుకూ బావి గోడకూ మధ్య ఖాళీలో) కటింగ్స్ పేరుకుంటే, ఫ్లో కొద్దిగా మార్చినా అది మారుతుంది. ప్రతి కనెక్షన్ (కొత్త పైపు కలపడం) తర్వాత పూర్తి డ్రిల్లింగ్ ఫ్లోకు వచ్చి, ప్రెషర్ నిలకడ అయ్యాక, బిట్ అడుగును తాకకముందు జీరో చేయాలి. పంపులు ఇంకా ఎక్కుతుండగానే జీరో కొడితే తెర మీద కనిపించే అంకె అసలు లోడ్ కంటే ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు మోటారులో చోటున్నా పని ఆగుతుంది. తర్వాత మడ్ పల్చనైనా, ఫ్లో తగ్గించినా జీరో మార్చకపోతే దీనికి తారుమారు. తెర మీద తక్కువ కనిపిస్తూ రబ్బరు మీద ఎక్కువ పడుతుంది. రెండోదే ప్రమాదం.

హారిజాంటల్ బావుల్లో తెర మీది బరువును నమ్మకండి. అందులో ఎంత భాగం రాపిడికి పోయిందో పైనుంచి తెలియదు. డిఫరెన్షియల్ మాత్రం బిట్ దగ్గరి టార్క్‌నే చెబుతుంది. ఆటో డ్రిల్లర్‌లో డిఫరెన్షియల్ పరిమితి పెట్టి నడపమని నేను మొదటి షిఫ్టులోనే అడుగుతాను.

స్టాల్ అయితే ప్రెషర్ ఒక్కసారిగా పైకి లేచి నిలబడిపోతుంది, ముందుకు పోవడం ఆగుతుంది. రోటర్ ఆగిపోయి, మడ్ మొత్తం రబ్బరును చీల్చుకుంటూ పోతున్న సమయం అది. రోటరీ తిప్పుతుంటే ఆపండి. పంపు వెంటనే తగ్గించండి. స్ట్రింగ్‌లో (పైపుల వరుసలో) చిక్కుకున్న టార్క్‌ను మెల్లగా వదలనివ్వండి. ఆ తర్వాతే పైకి ఎత్తండి. ప్రెషర్ ఉండగానే గబుక్కున ఎత్తితే మోటారు ఒక్కసారిగా విడుదలై కింది కనెక్షన్లు వదులయ్యే ప్రమాదం కూడా ఉంది. మళ్లీ అడుగుకు దింపేటప్పుడు ముందు వాడిన డిఫరెన్షియల్ కంటే తగ్గించి మొదలుపెట్టండి. పెద్ద స్టాల్ అందరికీ కనిపిస్తుంది. క్షణకాలం పాటు ప్రెషర్ ఎగిసి తగ్గే చిన్న స్టాల్స్ ఎవరూ లెక్కపెట్టరు, కానీ గట్టి పొరలు, మెత్తని పొరలు మారుతూ వచ్చే చోట అవే ఎక్కువ నష్టం చేస్తాయి. డేటాను సెకనుకు ఒక బిందువు చొప్పున తెరిచి చూస్తే అవి బయటపడతాయి.

రబ్బరు పోతోందని ముందుగా చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. అదే డిఫరెన్షియల్‌కు ముందుకు పోయే వేగం తగ్గుతూ వస్తుంది. ఇంతకుముందు తేలికగా మోసిన లోడ్ దగ్గరే స్టాల్ అవుతుంది. షేకర్ (పైకి వచ్చిన మడ్‌ను వడకట్టే జల్లెడ) మీద నల్లటి రబ్బరు ముక్కలు కనిపిస్తాయి. ముక్కలు నాజిల్స్‌లో ఇరుక్కుంటే ఆఫ్ బాటమ్ ప్రెషర్ కూడా పెరుగుతుంది. షేకర్ దగ్గర పనిచేసేవాళ్లకు ఆ రబ్బరు ఎలా ఉంటుందో ముందే ఒక ముక్క చూపించి పెట్టండి, చూడగానే ఫోన్ చేస్తారు.

బయటికి తీశాక

లోపలి మడ్ కడిగేయండి, ముఖ్యంగా ఉప్పు మడ్ అయితే. బేరింగ్ ఆట మళ్లీ కొలిచి, దింపే ముందు అంకెతో పోల్చండి. మాన్యువల్ పరిమితి దాటితే అక్కడితో ఆ మోటారు పని అయిపోయింది. దాటకపోయినా అదే మోటారును మళ్లీ దింపాలా అన్నది తేల్చేది స్టేటర్ గంటలు, అది చూసిన గరిష్ట వేడి, స్టాల్స్ సంఖ్య. ఆయిల్ బేస్ మడ్‌లో నానిన రబ్బరు పైన చల్లబడితే గట్టిబడుతుంది, రోజుల తరబడి పక్కన పెట్టి మళ్లీ దింపితే మొదటి గంటల్లోనే పగులుతుంది. అలాంటి మోటారును నేను వర్క్‌షాపుకే పంపుతాను.

వర్క్‌షాపుకు పంపేటప్పుడు సర్క్యులేషన్ గంటలు, డ్రిల్లింగ్ గంటలు విడివిడిగా, సగటు డిఫరెన్షియల్, గరిష్ట డిఫరెన్షియల్, స్టాల్స్, మడ్ రకం, క్లోరైడ్స్, ఇసుక శాతం ఒక కాగితం మీద రాసి పెట్టండి. విప్పాక రోటర్ కొలతలు, స్టేటర్ లోపలి కొలతలు, రబ్బరు ఫొటోలు తిరిగి పంపమని అడగండి. చంకింగ్ స్టేటర్ పొడవునా సమంగా ఉంటే ఫిట్ బిగుతు అయింది, లేదా వేడి ఎక్కువైంది. కింది చివర మాత్రమే ఉంటే లోడ్ ఎక్కువ మోపారు. తర్వాతి బావికి ఫిట్ ఎంత వదులు చేయాలో, ఒక స్టేజీ పెంచాలో లేదో ఆ ఫొటోలు పక్కన పెట్టుకుని వర్క్‌షాపు వాళ్లతో కూర్చుని నిర్ణయించండి.